పొద్దున తొలి స్టార్టు కష్టంగా ఉంది, హీటర్ లైటు మాత్రం మామూలుగానే వెలుగుతోంది

చలిపొద్దు:

అందరికీ నమస్కారం. నాది పాత నాలుగు సిలిండర్ల డీజిల్ కారు. కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే హై ప్రెషర్ డీజిల్ సరఫరా) కాదు, రోటరీ పంపుతో నడిచే ప్రీచాంబర్ ఇంజిన్, అంటే డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకునే రకం. చలి మొదలైన దగ్గర్నుంచి పొద్దున తొలిసారి స్టార్ట్ అవ్వాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. అందుకున్నాక కూడా ఒక నిమిషం దాకా బండంతా వణుకుతుంది, వెనక కళ్లు మండేంత తెల్లపొగ వస్తుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా నడుస్తుంది. పగలు ఎన్నిసార్లు ఆపి స్టార్ట్ చేసినా తాళం తిప్పగానే అందుకుంటోంది.

మీటర్ దగ్గర తీగచుట్ట గుర్తు ఉన్న హీటర్ లైటు ఎప్పటిలాగే వెలిగి ఆరిపోతోంది. ఒక మెకానిక్ నాలుగు గ్లో ప్లగ్గులూ (స్టార్టింగ్ కోసం సిలిండర్లలో ఎర్రగా కాలే కడ్డీలు) మార్చేయమన్నాడు. ఇంకొకాయన పంపు టైమింగ్, అంటే డీజిల్ కొట్టే సమయం, తప్పిందన్నాడు. ఎయిర్ ఫిల్టర్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టి చూడమని ఫ్రెండు సలహా ఇచ్చాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఏదైనా మార్చే ముందు నేనే చూసి తేల్చుకునే దారి ఉందా?

నాలుగో గేరు:

లైటు వెలిగి ఆరుతోందంటే ప్లగ్గులు పనిచేస్తున్నట్టే కదండీ. నాకైతే ఇలాంటిదే వస్తే బ్యాటరీ మార్చాక పోయింది. ముందు బ్యాటరీ చూపించండి.

పాత పానా:

చలిపొద్దు గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ స్ప్రే మాత్రం కొట్టకండి. దాంట్లో ఉండేది ఈథర్. అది 160 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకుంటుంది. మీ ఇంజిన్‌లో ఎర్రగా కాలిన ప్లగ్గు ఒక్కటి ఉన్నా, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అది పేలుతుంది. పిస్టన్ రింగుల గట్లు విరిగిన ఇంజిన్లు, కనెక్టింగ్ రాడ్ వంగిన ఇంజిన్లు విప్పి చూశాను. గ్లో ప్లగ్గులున్న ఏ ఇంజిన్‌కైనా ఇదే వర్తిస్తుంది. డబ్బా మీద డీజిల్‌కి పనికొస్తుందని రాసి ఉన్నా సరే, వద్దు.

ఇక అసలు విషయం. నాలుగో గేరు గారు బ్యాటరీ చూడమన్నది మంచి మాటే, దాని సంగతి కింద చెప్తాను. లైటు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. మీలాంటి పాత బళ్లలో చాలావాటికి ఆ లైటు ప్లగ్గు వేడిని చూసి ఆరదు. ఇంజిన్ నీళ్ల వేడిని బట్టి టైమర్ కొన్ని సెకన్లు లెక్కపెట్టి ఆర్పేస్తుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి బల్ల మీద పెట్టినా అది వెలిగి ఆరుతుంది. కొత్త బళ్లలో కంట్రోలర్ ఒక్కో ప్లగ్గు కరెంటునూ విడిగా కొలుస్తుంది, ఏ సిలిండర్‌ది పోతే దాని లోపం కోడ్ గుర్తుపెట్టుకుంటుంది. పీ0671 అంటే ఒకటో సిలిండర్, పీ0674 అంటే నాలుగోది. మీ బండికి ఆ వసతి ఉండదు కాబట్టి మనమే కొలవాలి.

మీరు రాసిన లక్షణాల్లో నాకు గట్టిగా పనికొచ్చేది ఒకటుంది. వేడి మీద వెంటనే అందుకుంటోంది. కంప్రెషన్ బాగా పడిపోయినా, పంపులోకి గాలి లాగుతున్నా వేడి మీద కూడా ఎంతోకొంత ఇబ్బంది కనబడాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మొరాయించి, నిమిషంలో సర్దుకుంటోందంటే నా అనుమానం నేరుగా ప్లగ్గుల మీదికే పోతుంది.

కారణం ఇది. డీజిల్‌ని అంటించేది నిప్పురవ్వ కాదు, నొక్కుడు పడ్డ గాలి వేడి. ప్రీచాంబర్ ఇంజిన్లలో గాలిని ఇరవై వంతులకు పైగా నొక్కుతారు. పైసా వేడి బయటికి పోకుండా ఉంటే, బయట 7 డిగ్రీలున్న గాలి ఆ నొక్కుడుకి 600 డిగ్రీలు దాటాలి. కానీ సెల్ఫ్ మీద ఇంజిన్ తిరిగేది నిమిషానికి 200 చుట్ల చుట్టుపక్కల. అంత నిదానంగా తిరిగితే కొంత గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది, మిగిలిన గాలిలోని వేడిని చల్లటి హెడ్డు, బోరు గోడలు లాగేస్తాయి. ప్రీచాంబర్ అయితే మరీ దారుణం. గాలి సన్నటి గొంతు గుండా చిన్న గదిలోకి దూరాలి, అడుగడుగునా చల్లటి ఇనుము తగులుతుంది. చివరికి మిగిలే వేడి, డీజిల్ని అంటించడానికి చాలదు. నాజిల్ (డీజిల్ని తుంపరగా చిమ్మే మూతి) కొట్టిన డీజిల్ కాలకుండా ఆవిరై సైలెన్సర్ నుంచి బయటికి వస్తుంది. మీ కళ్లు మండించే తెల్లపొగ అదే. అందుకే ఆ గదిలోకి ఎర్రగా కాలే కడ్డీ ఒకటి చొప్పించారు. 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డీ కారుకీ ఇదే పద్ధతి. అంతకు ముందు, 1890ల్లో అక్రాయిడ్ స్టువర్ట్ తరహా హాట్ బల్బు ఇంజిన్లకైతే హెడ్డుకున్న గుండును బ్లో ల్యాంపుతో నిమిషాల తరబడి కాల్చాకే చక్రం తిప్పేవాళ్లు.

ఇంకో సంగతి. ఆ కాలపు తీగచుట్ట ప్లగ్గులు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉండేవి. ఒక్క తీగ తెగితే అన్నీ చచ్చేవి, బండి అసలు స్టార్టయ్యేది కాదు, లోపం వెంటనే బయటపడేది. ఇప్పటి కడ్డీ ప్లగ్గులు దేనికది విడిగా బ్యాటరీకి కలిసి ఉంటాయి. ఒకటి పోతే మూడు పనిచేస్తాయి. ఎండల్లో ఒకటి పోయినా ఎవరికీ తెలియదు, రెండోది పోయినా తెలియదు. చలి రాగానే అన్నీ ఒకేసారి పోయినట్టు అనిపిస్తుంది. మీ బండి నిమిషం పాటు వణకడం కూడా ఇలాంటిదే కావచ్చు. పనిచేసే సిలిండర్లు కాలుతుంటాయి, మిగిలినవి హెడ్డు వేడెక్కేదాకా మిస్సింగ్ కొడతాయి.

ఇప్పుడు కొలత. డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఒకటి అరువు తెచ్చుకోండి. చాలా క్లాంపులు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బ్యాటరీ వైరు మీద సున్నా చూపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి, చూసుకోండి. ఇంజిన్ రాత్రంతా చల్లబడ్డాక, ప్లగ్గుల రిలే (వాటికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు) నుంచి వచ్చే లావు వైరుకు క్లాంప్ తగిలించి తాళం హీటర్ దాకా తిప్పండి. మంచి 12 వోల్టుల మెటల్ ప్లగ్గు మొదట్లో 20 ఆంప్స్ పైన లాగి, కొన్ని సెకన్లలో 8 నుంచి 12 ఆంప్స్ మధ్యకి దిగుతుంది. లోపల రెండు చుట్టలు వరసగా ఉంటాయి. కొనలో ఉన్నది వేడి పుట్టిస్తుంది. వెనక ఉన్నది వేడెక్కే కొద్దీ నిరోధం పెంచుకుని కరెంటును తగ్గిస్తుంది. ఆ దిగడం కనబడాలి. నాలుగూ బాగుంటే నిలకడగా 32కి తగ్గకూడదు. పది తగ్గిన ప్రతిసారీ ఒక ప్లగ్గు లేనట్టు లెక్క వేసుకోండి.

ఏది పోయిందో తెలియాలంటే ప్లగ్గులను కలిపే పట్టీ విప్పి ఒక్కోదాన్నీ విడిగా చూడాలి. మల్టీమీటర్ ఒక పుల్ల ప్లగ్గు తల మీద, ఇంకోటి ఇంజిన్ మీద పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ లోపు రావాలి. అంత చిన్న కొలతలో మీటర్ వైర్ల నిరోధమే కలిసిపోతుంది కాబట్టి ముందు రెండు పుల్లలు కలిపి ఎంత వస్తుందో చూసి అది తీసేయండి. పట్టీ విప్పకుండా కొలిస్తే మాత్రం ఏమీ తెలియదు, మంచి ప్లగ్గు చెడ్డదాన్ని కప్పేస్తుంది.

హీటర్ వేసి ఉన్నప్పుడు ఆ పట్టీ మీద వోల్టేజి కూడా చూడండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి పట్టీ దగ్గర 9 ఉంటే దోషం రిలే కాంటాక్టులదో, పట్టీ ఫ్యూజుదో, తుప్పుపట్టిన కనెక్షన్‌దో. నాలుగు కొత్త ప్లగ్గులు వేసినా మీ బాధ తీరదు. నాలుగో గేరు గారి బ్యాటరీ మాట ఇక్కడే పనికొస్తుంది. ప్లగ్గులు నాలుగూ కలిసి మొదట్లో 80 ఆంప్స్ పైన లాగేస్తాయి, వెంటనే సెల్ఫ్ మోటారు అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. డీలాపడ్డ బ్యాటరీతో ప్లగ్గులూ సరిగ్గా కాలవు, ఇంజినూ సరైన వేగంతో తిరగదు.

నాలుగో గేరు:

లైటు సంగతి నాకు తెలియదండీ. నా బండి కూడా ఒకసారి కొలిచి చూస్తాను.

చలిపొద్దు:

పాత పానా గారూ, మీరు చెప్పినట్టే చేశాను. బ్యాటరీ బాగానే ఉంది, హీటర్ వేసినప్పుడు పట్టీ మీద 11.4 వోల్టులు వస్తోంది. క్లాంప్ మీటర్ మొదట 46 చూపించి 19 దగ్గర ఆగింది. పట్టీ విప్పి చూస్తే ఒకటో సిలిండర్ 0.8, నాలుగోది 0.7. రెండు, మూడు అసలు ఏ కొలతా చూపించడం లేదు, తీగ తెగినట్టే ఉంది.

రెండే పోయాయి కాబట్టి రెండే మారిస్తే సరిపోతుందా? ఇంకో భయం ఏమిటంటే, రెండోదాన్ని పానాతో కొంచెం కదిపి చూశాను, ఇసుమంతైనా కదల్లేదు. గట్టిగా బలం పెట్టనా?

పాత పానా:

వద్దు వద్దు, అక్కడే ఆగండి! ప్లగ్గు పోవడం పెద్ద విషయమేమీ కాదు. తీసేటప్పుడు విరగడమే పెద్ద విషయం. పలచటి గొట్టానికి మరలు తీసి చేసిన వస్తువు అది. విరిగితే సగం హెడ్డులో ఉండిపోతుంది. డ్రిల్లు వేసి తీయాలి, లేదంటే హెడ్డే దించాలి.

నేనైతే ఇలా చేస్తాను. ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న గుంటల్లో దుమ్ము గాలితో ఊదేసి, మరలు మొదలయ్యే చోట తుప్పు వదిలించే నూనె వేస్తాను. ఆ రోజు ముట్టుకోను. బండి మామూలుగా తిప్పమంటాను, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ నూనె కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది. మధ్యలో ఇంకోసారి వేస్తాను. విప్పేది మాత్రం ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడే, టార్క్ రెంచితోనే (ఎంత బలం పెడుతున్నామో చూపే పానా). గాలితో నట్లు విప్పే తుపాకీని దగ్గరికే రానివ్వను. ఎం8 (8 మిల్లీమీటర్ల) మరకి సుమారు 20 న్యూటన్ మీటర్లు, ఎం10కి 35, ఎం12కి 45 దాటితే ఆగిపోవాలి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆ హద్దులో కొంచెం కదిలితే విప్పేయకండి. అరచుట్టు విప్పి మళ్లీ పావుచుట్టు బిగించి, నూనె చుక్క వేసి, ముందుకీ వెనక్కీ ఆడించుకుంటూ రావాలి. మధ్యలో బిగుసుకుంటే మళ్లీ వేడి చేయాలి.

రెండు, మూడు తీగ తెగినవి కాబట్టి కరెంటుతో వాటిని కాల్చలేం. ఒకటి, నాలుగు మొండికేస్తే మాత్రం ఇంకో ఉపాయం ఉంది. బ్యాటరీ నుంచి లావు వైరుతో విడిగా ఆ ప్లగ్గుకి 12 వోల్టులిచ్చి నాలుగైదు నిమిషాలు కాల్చితే కొన చుట్టూ గడ్డకట్టిన మసి కాలి వదులుతుంది. ఇది మీలాంటి 12 వోల్టుల మెటల్ ప్లగ్గులకే. ఎంత చేసినా కదలకపోతే, విరగని ప్లగ్గుతోనే ఇంజిన్ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. విరిచి తీసుకెళ్లడం కంటే అది వాళ్లకీ మీకూ మేలు.

ఎన్ని మార్చాలన్నదానికి, కొలిచాక నాలుగూ మార్చమనే చెప్తాను. నాలుగూ ఒకే వయసువి, మిగిలిన రెండూ ఎంతో కాలం రావు, పైగా ఆ రెండూ ఇప్పుడు సులువుగా వస్తే మళ్లీ పట్టుకునేదాకా ఆగడం దేనికి? ఇంజిన్ నంబరుతోనే కొనండి. చూపుకి ఒకేలా ఉన్నా కడ్డీ పొడవు, వోల్టేజి వేరుగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు పొడవెక్కువైనా నాజిల్ ధార కొనకి నేరుగా తగులుతుంది.

పాతవి వచ్చాక వెంటనే కొత్తవి దూర్చకండి. రంధ్రంలో మసి పొర ఉంటుంది. అదే సైజు రీమర్ (రంధ్రం లోపల గీకే పనిముట్టు) గాడుల్లో గ్రీజు పూసి చేత్తో తిప్పితే మసి ఆ గ్రీజుకి అంటుకుని వస్తుంది. తర్వాత డీజిల్ రాకుండా పంపు స్టాప్ వైరు తీసేసి, రంధ్రాలకి ఎదురుగా ఎవరూ నిలబడకుండా కాసేపు సెల్ఫ్ కొడితే మిగిలింది బయటికి ఎగిరిపోతుంది. కొత్త ప్లగ్గు చివరిదాకా వేళ్లతోనే ఎక్కాలి. బిగింపు విప్పేదానికంటే చాలా తక్కువ. ఎం8కి 10, ఎం10కి 15, ఎం12కి 22 దగ్గర. తల మీద నట్టుకైతే రెండు మూడు న్యూటన్ మీటర్లు చాలు. నట్టు బిగించే ఉత్సాహంలో తలే తిప్పేసి కొత్త ప్లగ్గు పాడుచేసినవాళ్లు చాలామంది. ప్లగ్గు కూర్చునే ఏటవాలు అంచుకి ఏ గ్రీజూ పూయకండి. ఎర్త్ అక్కడినుంచే, గ్యాస్ సీలూ అక్కడే.

తీసిన కొనలు పారేయకండి, ఫొటోలు పెట్టండి. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో అవి చెప్తాయి.

నీలి ఇంజిన్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కొత్త తరహా కామన్ రైల్ బండి, పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) కూడా ఉంది. నేను కూడా ప్లగ్గు విప్పి బ్యాటరీకి తగిలించి ఎర్రగా కాలుతుందో లేదో చూసుకోవచ్చా?

పాత పానా:

మీ బండికి అస్సలు వద్దండీ. మీవాటిలో చాలా ప్లగ్గులు 12 వోల్టులవి కావు. 4.4, 5, 7 వోల్టులకు చేసినవి ఉంటాయి. కంట్రోలర్ మొదటి ఒకటి రెండు సెకన్లు ఎక్కువిచ్చి 1,000 డిగ్రీలు దాటించి, ఆ వెంటనే కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి తగ్గిస్తుంది. మీరు నేరుగా 12 తగిలిస్తే క్షణాల్లో మాడిపోతుంది, సిరామిక్ అయితే పగిలి చేతుల మీద పడుతుంది. సిరామిక్‌వి సిలికాన్ నైట్రైడ్‌తో చేస్తారు. 1,300 డిగ్రీల దాకా తట్టుకుంటాయి కానీ కింద పడితే కంటికి కనబడని బీట వస్తుంది. పడిన సిరామిక్ ప్లగ్గుని నేను వాడను. ఆ ముక్క ఇంజిన్‌లో రాలితే పిస్టన్ పోతుంది.

కామన్ రైల్‌లో ఇంకో తేడా ఉంది. నాజిల్ నేరుగా పిస్టన్ గిన్నెలోకే కొడుతుంది, వేడి అంతగా వృథా కాదు. అందుకే గడ్డకట్టే చలి లేకపోతే ప్లగ్గులు పోయినా ఎలాగోలా అందుకుంటుంది, యజమాని పట్టించుకోడు. కానీ స్టార్టయ్యాక కూడా మూడు నిమిషాల దాకా అవి కాలుతూనే ఉంటాయి, చలి పొగనీ కటకట శబ్దాన్నీ తగ్గించడానికి. కొన్ని బళ్లలో ఫిల్టర్ మసి కాల్చుకునేటప్పుడు కూడా వాటిని వాడతారు. ప్లగ్గు కోడ్ పడి ఉంటే కొన్ని కంట్రోలర్లు ఆ కాల్చుడే మొదలుపెట్టవు. స్టార్టవుతోంది కదా అని వదిలేయకండి, స్కానర్ పెట్టి చూపించండి.

బొమ్మ విమానం:

నేను రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేస్తాను. మా ఇంజిన్ల గ్లో ప్లగ్గుకి ఒకటిన్నర వోల్టు సెల్ చాలు, స్టార్టయ్యాక తీసేస్తాం, అయినా వెలుగుతూనే ఉంటుంది. అదీ ఇదీ ఒకటేనా?

పాత పానా:

పేరొక్కటే, పని వేరు. మీది ప్లాటినం కలిసిన తీగ. మెథనాల్ ఆవిరి ప్లాటినం మీద తగలగానే దానంతట అదే చర్య జరిగి వేడి పుడుతుంది, అందుకే సెల్ తీసేసినా ప్రతి చుట్టుకీ అంటుకుంటూనే ఉంటుంది. 1940ల చివర్లో రే ఆర్డెన్ ఆ ప్లగ్గుని మార్కెట్లోకి తెచ్చాక చిన్న ఇంజిన్ల మీద కాయిలు, బ్యాటరీ మోయాల్సిన పని తప్పింది. డీజిల్ ప్లగ్గు వేడి అంతా కరెంటుదే, ఇంజిన్ వేడెక్కాక దానికి పని లేదు.

చలిపొద్దు:

నాలుగూ విరగకుండా వచ్చాయండీ! రెండోది మాత్రం ముందుకీ వెనక్కీ ఆడిస్తూ చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు కొనలు నిటారుగా, మసిగా ఉన్నాయి. మూడోదాని కొన ఒక పక్క కొరికేసినట్టు కరిగిపోయింది, చిన్న చిల్లు పడి లోపలి తెల్లటి పొడి కనబడుతోంది. కొత్తవి రెడీగా ఉన్నాయి, బిగించేయనా?

పాత పానా:

ఒకటి, రెండు, నాలుగు బిగించండి, మూడో సిలిండర్‌ది ఆపండి. ఆ తెల్ల పొడి మెగ్నీషియం ఆక్సైడ్, చుట్టకి గొట్టం తగలకుండా నింపేది. మీ రెండో ప్లగ్గు వయసైపోయి పోయింది, మూడోది అలా కాదు. దాన్ని ఏదో కరిగించింది. రిలే అతుక్కుపోయి కరెంటు ఆగకుండా పారి ఉంటే నాలుగు కొనలూ ఉబ్బి ఉండేవి. టైమింగ్ మరీ ముందుకి జరిగి ఉంటే నాలుగింటి మీదా ఆ గుర్తు ఉండేది. ఒక్కదానికే ఇలా ఉందంటే ఆ సిలిండర్ నాజిల్ మంచు తుంపరలా కొట్టకుండా పిచికారీలా ధార కట్టి కొనకే తగులుతోంది. ఇప్పుడు కొత్త ప్లగ్గు వేస్తే అది కూడా ఇలాగే అవుతుంది.

మూడో ఇంజెక్టర్ (ఆ నాజిల్ ఉండే భాగం) విప్పి టెస్ట్ బెంచి మీద కొట్టించి చూడండి, విడుదల ప్రెషరూ స్ప్రే ఆకారమూ చూడమనండి. ధార కట్టినా, కొట్టాక చుక్క వేలాడినా నాజిల్ మార్చాల్సిందే. ఇంజెక్టర్ కింద రాగి వాషర్, వేడి నుంచి కాపాడే పలచటి వాషర్ ఉంటాయి, అవి కొత్తవి వేయాలి. ఈలోపు ఆ ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపి చాంబర్‌లో లోహపు ముక్క ఏమైనా మిగిలిందేమో చూడండి. ఉంటే సెల్ఫ్ ముట్టుకోకండి, ముందు అది బయటికి రావాలి. స్ప్రే రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.